మకి ఏత్వం

బాపట్లలో మేం అద్దెకున్న ఇల్లు సందు చివర ఉండేది. ముందు వరండా, రెండు గదులు, వెనక వంటిల్లు, దాని వెనక పెరడు. సాయంత్రమయ్యేసరికి సూర్యలంక వైపు నుంచి గాలి తిరిగి, ఆరేసిన బట్టలకి ఉప్పు వాసన పట్టేది. భయపడాల్సిన ఇల్లు కాదు. పక్కింటి జానీ బీ కోళ్ళు పొద్దస్తమానం మా పెరట్లోనే తిరిగేవి. ఆ ఇంట్లో నాకు కిట్టనిది ఒక్కటే, మా ఆయన పుస్తకాల బీరువా.

మా ఆయన పేరు చలపతిరావు. భర్త పేరు పలక్కూడదంటారు. రాయకూడదని ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. నేను రెండో భార్యని. మొదటావిడ మాణిక్యమ్మ. రేపల్లె దగ్గర పెనుమూడి ఆవిడ పుట్టిల్లు. అక్కడే టైఫాయిడ్ వచ్చి పోయింది. కృష్ణ ఒడ్డునే దహనం చేశారు. మూడేళ్ళకి, అరవై ఏడులో, నన్ను చేసుకున్నారు.

పెళ్ళిలో పుస్తెలతో పాటు ఇంకో చిన్న బంగారు బిళ్ళ కూడా నా మెడలో వేశారు. పోయినావిడ పేరున రెండో పెళ్ళాం అది వేసుకోవాలట. లేకపోతే ఆవిడకి కోపం వస్తుందట. నేను మూతి ముడుచుకుంటే మా అత్తగారు నాగమ్మ నవ్వింది.

"ఒక్క బిళ్ళే కదే పిల్లా! పోయినావిడకి ఒకటి. ఇద్దరు పోయి ఉంటే రెండు మోసేదానివి."

అలా నా సవతిని రెండేళ్ళు మెడలో వేసుకుని తిరిగాను. స్నానానికెళ్ళినా ఆవిడ, అన్నం తిన్నా ఆవిడ. రుద్దుకుని రుద్దుకుని బిళ్ళ అంచులు నున్నగా అరిగిపోయాయి.

ఏటా ఆవిడ తిథికి ఈయన రేపల్లె వెళ్ళేవారు. తెనాలిలో దిగి రేపల్లె బండి మారాలి. ఆ బండి కోసం రెండు గంటలు ప్లాట్‌ఫారం మీద కూర్చునేవారు. అక్కణ్ణించి మా కొలకలూరు ఎంత దూరం? బతికున్న మా అమ్మానాన్నల్ని చూడ్డానికి తీరిక ఉండదు. చచ్చిపోయినావిడ కోసం మాత్రం రేవు దాకా వెళ్ళి, పడవలు చూస్తూ నిలబడి రావడానికి తీరిక ఉంటుంది. ఈ మాట మొహం మీదే అన్నాను కూడా. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు, అంతే.

ఇక ఆ బీరువా. ఈయన చదువుకునే రోజుల్లో గుంటూరులో ఒక ఫాదర్ గారి దగ్గర లాటిన్ నేర్చుకున్నారు. రెండు వేల ఏళ్ళ కిందటి ప్రేమ కవులట. పేర్లు నాకు నోరు తిరగవు. వాళ్ళ పద్యాల్ని తెలుగులో పెట్టాలని ఈయన పట్టు. ప్రేమ కవిత్వమన్న మాటే గానీ సగం పద్యాల్లో పాతాళమే. ప్రియురాలు తలుపు తియ్యకపోతే పాతాళం, జ్వరం వస్తే పాతాళం, అలిగితే పాతాళం. అక్కడ మన వైతరణి లాంటి ఏరు, దాటించడానికి విసుగు మొహం ముసలి పడవవాడు, గుమ్మంలో మూడు తలల కుక్క. తాగితే అన్నీ మర్చిపోయే నీళ్ళున్న ఇంకో ఏరు. ప్రేమించి చచ్చినవాళ్ళకి మాత్రం విడిగా ఒక తోట. అక్కడ జంటలు జంటలుగా తిరుగుతుంటారట.

"మూడో మనిషి ఉంటే ఎలాగండీ ఆ తోటలో?" అనడిగాను ఒకసారి.

ఆయన నవ్వలేదు. "దాని గురించి ఎవరూ రాయలేదు" అన్నారు.

నాకు స్కూల్ ఫైనల్ దాకా చదువుంది. దస్తూరీ బాగుంటుంది. ఆయన చిత్తుగా కొట్టివేతలతో రాసింది నేను గీతల నోటుబుక్కులో సాపు రాసేదాన్ని. కొన్ని పేజీలయ్యాక సాయంత్రం దీపం పెట్టే వేళకి ఆయన వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, ఆ సాపుప్రతిని పైకి చదువుతూ సరిచూసుకునేవారు. మా కాపురంలో ఇద్దరం కలిసి చేసిన పని అదొక్కటే. అందుకే నాకు ఆ పనంటే ఇష్టం. ఆ పద్యాలంటే మంట.

అరవై తొమ్మిది ఆశ్వయుజంలో ఒక పెద్ద పద్యం పట్టుకున్నారు. చచ్చిపోయిన ప్రియురాలు ఒక సాయంత్రం ప్రియుడి గుమ్మంలోకి వచ్చి మాట్లాడుతుంది. అతను అప్పటికి ఇంకొకామెతో ఉంటున్నాడు. ఆ ఒడ్డున నీకోసం చోటు ఉంచాను, పడవ దిగగానే నన్ను వెతుక్కోనక్కర్లేదు, ముందు నేనే నిలబడి ఉంటాను అంటుంది. ఆ తర్వాత వాక్యం దగ్గర ఆయన నాలుగు రోజులు ఆగిపోయారు.

"ఏంటండీ అంత కష్టం?" అన్నాను.

"వాళ్ళకి 'మేము' అన్నా 'మనము' అన్నా ఒకటే మాట తులసీ. మనకి రెండు. ఎవర్ని లోపల పెడుతున్నామో, ఎవర్ని బయట పెడుతున్నామో తేల్చుకోకుండా తెలుగులో నోరు విప్పలేం."

నాలుగో రోజున తేల్చుకున్నారు. చిత్తుప్రతిలో ఇలా ఉంది. *ఇక్కడ మనం కలిసే ఉంటాం.* రాసి, కలం మూసి, రేపల్లె బండి టైము చూసుకున్నారు. మర్నాడే ఆవిడ తిథి.

ఆయన ఊరెళ్ళిన రోజు నేను సాపు రాయడానికి కూర్చున్నాను. ఆ వాక్యం దగ్గర నా చెయ్యి ఆగింది. మనం అంటే ఆవిడా, ఈయనా. ఈ పక్క అన్నం వండి, బట్టలుతికి, కాళ్ళు నొక్కి, ఆయన మాటలన్నీ ముత్యాల్లా రాసి పెడుతున్న నేను ఎక్కడ? చచ్చాక కూడా నాకు చోటు లేదన్నమాట. ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

'న' తీసేశాను. మకి ఏత్వం ఇచ్చాను.

*ఇక్కడ మేం కలిసే ఉంటాం.*

అంతే. చచ్చినవాళ్ళు చచ్చినవాళ్ళు కలిసి ఉండండి, మా ఆయన్ని మాత్రం బయట పెట్టండి అని నా ఉద్దేశం. రాశాక ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆయన తిరిగొచ్చిన మర్నాటి సాయంత్రం. మబ్బు కమ్మి ఉంది గానీ వాన లేదు. కరెంటు పోయింది. వరండాలో లాంతరు పెట్టి నేను వంటింట్లోకి వచ్చాను. ఆయన చదువుతున్న గొంతు గోడల మీదుగా మెత్తగా వినపడుతోంది. పొయ్యి మీద చారు మరుగుతోంది. అసురసంధ్య వేళ. కోళ్ళు గూట్లోకి వెళ్ళిపోయాయి. ఉప్పుగాలి ఆగింది. దాని బదులు ఇంకో వాసన... కొత్త నీరొచ్చినప్పుడు రేవులో వచ్చే బురద వాసన. బాపట్లలో ఏరు లేదు. పెరట్లో తూము పొంగిందేమో అనుకున్నాను.

"వెళ్ళొస్తాను."

వరండా వైపు నుంచే వినపడింది. గొంతు సన్నగా ఉంది. చదివి చదివి నీరసించిందనుకున్నాను. సిగరెట్లకి వెళ్తున్నారు కాబోలు. గుమ్మంలోంచి ఎవరైనా వెళ్ళొస్తాను అంటే జవాబు దానంతటదే వస్తుంది మనకి. గరిటె తిప్పుతూనే అన్నాను.

"మంచిది, వెళ్ళి రండి."

చదువు ఆగిపోయింది. కాసేపటికి వరండాలోకి వెళ్తే ఆయన పడక్కుర్చీలోనే ఉన్నారు. ఒళ్ళో నోటుబుక్కు.

"ఎవరితో అన్నావ్?"

"మీతోనేగా. వెళ్ళొస్తానన్నారు."

"నేనెక్కడికి వెళ్తున్నాను?"

"పోనీ పద్యంలో చదివారేమో."

ఆయన నోటుబుక్కు వైపు చూశారు. వేలు రెండో పేజీలో ఉంది. "ఆవిడ సెలవు తీసుకునేది చివర్లో. నేనింకా ఆ పేజీకి రాలేదు" అన్నారు. మళ్ళీ తనే, మెల్లగా, "అయినా అక్కడ 'వెళ్తున్నాను' అని రాశాను. చచ్చినవాళ్ళు వెళ్ళొస్తాననకూడదు కదా" అన్నారు.

నేను గుమ్మం పట్టుకుని వెనక్కి చూశాను. ఆయన మాత్రం లేచి నిలబడ్డారు.

"ఆడగొంతా?"

"...ఆ."

"స్తా దగ్గర కొంచెం సాగదీసిందా?"

సాగదీసింది. నేను తలూపాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మాణిక్యం అలాగే అనేది" అన్నారు. భయంతో వచ్చిన నీళ్ళు కావవి. పెళ్ళయిన రెండేళ్ళలో ఆ మొహం అంత వెలిగిపోవడం నేను చూడలేదు. దెయ్యం అన్న భయం వెనక్కి పోయి నాకు కుళ్ళు ముందుకొచ్చింది. ఉన్నమాట చెప్తున్నాను.

మర్నాటి నుంచీ వేషం మారింది. వరండాలో పడక్కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వెలిసింది. సాయంత్రం కాగానే గడ్డం గీసుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని కూర్చునేవారు. కొలకలూరుకి నన్ను పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు గడ్డం గీసుకోలేదు ఈ మనిషి. నోటుబుక్కు మూలపడింది. చీకటి పడేదాకా గుమ్మం వైపు చూపులు, మధ్యలో నా వైపు ఒక ప్రశ్న.

"వచ్చిందా?"

"లేదండి."

అబద్ధం. వచ్చింది.

ఆయన పక్క కుర్చీలోకి కాదు. నా దగ్గరికి. మొదటి రోజు నేను వంటింట్లో పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతున్నాను. బురద వాసన వచ్చింది. గాజుల చప్పుడు... తడి గాజులు ఒకదానికొకటి అతుక్కుని విడివడ్డ చప్పుడు. తలెత్తలేదు. ఎత్తలేకపోయాను. చేట అవతలి అంచు దగ్గర రెండో పీట మీద ఎవరో కూర్చున్నారు. పాదాలు కనపడ్డాయి. నిండా పసుపు. ముత్తైదువగా పోయిన మనిషి కదా, పాడె మీద రాసి ఉంటారు. ఆ పసుపు మీదికి నల్లటి ఒండ్రు గీతలు.

ఒక వేలు చేటలోకి వచ్చి ఒక రాయి ఏరింది.

"ఆయనకి చెప్పావా?"

గుసగుస. స్తా సాగదీసే గొంతే.

"లేదు" అన్నాను.

"మంచిపని చేశావు."

రెండో రోజూ వచ్చింది. మూడో రోజూ. వరండాలో ఆయన పక్క కుర్చీ ఖాళీగానే ఉంటోంది. వంటింట్లో మాత్రం ఇద్దరం. భయంతో నడుం బిగుసుకుపోయేది గానీ ఆయన "వచ్చిందా?" అనడిగినప్పుడల్లా నాలో ఎక్కడో ఒక సంతోషం. చూడనివ్వను. నా మెడలో మోశాను, నా వంటింట్లో భరిస్తున్నాను, నీకు మాత్రం చూపించను. కావాలంటే పెనుమూడి రేవులో వెతుక్కో. అంత కసిగా ఉండేది.

నాలుగో రోజు పొద్దున జానీ బీ కోళ్ళ కోసం గోడ దగ్గరికి వచ్చింది.

"చుట్టాలొచ్చారా అమ్మా మీ ఇంటికి? నిన్న సందెవేళ పెరట్లో నీకు ఎవరో జడేస్తున్నారు కదా?"

పెరట్లోకి నేను రాలేదు. ఆ మాట అనబోయి వెనక్కి తడుముకున్నాను. నేను ఎప్పుడూ ముడే వేసుకుంటాను. నా వీపు మీద జడ ఉంది. బిగుతుగా, మూడు పాయలుగా... చివర్న తడిగా.

ఆ సాయంత్రం ఆయన ఇక ఆగలేకపోయారు. "పద్యం సగంలో ఆపేశాం కదా తులసీ. పూర్తిగా చదివితే వస్తుందేమో" అన్నారు. గొంతులో బతిమాలుకోవడం ఉంది. బీరువా మీంచి నోటుబుక్కు తీశారు. లాంతరు వత్తి పెంచారు. నన్ను వెళ్ళనివ్వకుండా గుమ్మంలో నిలబెట్టారు. నువ్వుంటేనే వినపడుతోంది కదా అన్నారు. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెళ్ళాంగా కాదు, రేడియోగా పనికొచ్చాను.

చదువుతున్నారు. ఏరు... పడవ... చోటు ఉంచాను... నా వెనక నడవా చీకటిగా ఉంది. బురద వాసన నా భుజం దాకా వచ్చింది.

"ఇక్కడ... మేం కలిసే ఉంటాం." ఆయన ఆగారు. కళ్ళజోడు సర్దుకున్నారు. "మేం అని రాశావేంటి? నేను మనం అని కదా పెట్టింది?"

నేను లాంతరు వైపు చూశాను.

"మేం అంటే నన్ను తీసేసినట్టు కదే. ఆవిడా ఇంకెవరో అయినట్టు. ఎవరు మరి?"

నా చెవి వెనక ఎవరో నవ్వారు. చాలా మెల్లగా... ఆడవాళ్ళం ఆడవాళ్ళం నవ్వుకునే నవ్వు.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఆయన్ని బయట పెట్టాను సరే. లోపల మిగిలిందెవరు? అన్నది ఆవిడ. రాసింది నేను. నా దస్తూరీతో, నా చేత్తో. అందుకే ఆయన పక్క కుర్చీలోకి రాలేదు ఆవిడ. అందుకే నా పక్కన పీట వేసుకుంది.

"ఇలా ఇవ్వండి... దిద్దుతాను... కలం ఇవ్వండి" అన్నాను. అడుగు ముందుకి వేశాను. కాలు కదిలింది గానీ ముందుకి కాదు. నా చేతిని ఎవరో పట్టుకున్నారు. చల్లగా, ఆప్యాయంగా, పెళ్ళిపేరంటానికి తీసుకెళ్ళే అక్కలా. లాంతరు ఒకసారి రెపరెపలాడింది. ఆయన నోటుబుక్కులోకి వంగి ఉన్నారు, దిద్దడానికి జేబులో కలం వెతుక్కుంటూ. తలెత్తితే చాలు. ఒక్కసారి నన్ను చూస్తే చాలు.

"మేం వెళ్ళొస్తామండి."

నా గొంతు. అచ్చంగా నా గొంతే. నా పెదాలు మాత్రం కదల్లేదు. స్తా దగ్గర కొంచెం సాగింది.

వద్దు... జవాబు చెప్పకండి... అరిచాననే అనుకున్నాను. నోట్లో ఒండ్రు రుచి తప్ప ఏమీ లేదు.

ఆయన తలెత్తలేదు. కలం మూత తీస్తూ, నేను గరిటె తిప్పుతూ అన్నట్టే, అలవాటుగా అన్నారు.

"మంచిది, వెళ్ళి రండి."

తర్వాత...

తర్వాత నాకు గుర్తున్నది వరండా మెట్టు. లాంతరు ఇంకా వెలుగుతోంది. కిరసనాయిలు అడుక్కి వచ్చింది. ఆయన గుమ్మంలో నిలబడి నా వైపు కాదు, నా వెనక చీకట్లోకి చూస్తున్నారు. కొత్తగా పెళ్ళయినవాడిలా ఉంది ఆ చూపు.

"ఒక్కదానివే వచ్చావేంటి?" అన్నారు. "తనేదీ?"

ఇంతసేపూ ఎక్కడికెళ్ళావని అడగలేదు. ఎలా ఉన్నావని అడగలేదు. తనేదీ అన్నారు.

"నేనెక్కడికీ వెళ్ళలేదండి" అన్నాను.

కిందికి చూసుకున్నాను. ఆ సాయంత్రం ఒక్క చినుకు పడలేదు. నా కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడిసి నీళ్ళు కారుతున్నాయి. పాదాలకి నల్లటి ఒండ్రు. ఒండ్రు కింద, వేళ్ళ సందుల్లో, పసుపు. నేను ఆ వేళ పసుపు రాసుకోలేదు.

ఇది జరిగి ఏడేళ్ళయింది. ఆయన ఆ నోటుబుక్కు మళ్ళీ తియ్యలేదు. దిద్దారో లేదో నేను తెరిచి చూడలేదు. సాయంత్రాలు పక్క కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. ఆయన నాతో ఇదివరకటికన్నా ప్రేమగానే ఉంటారు. అప్పుడప్పుడూ నేను మాట్లాడుతుంటే కళ్ళు మూసుకుని వింటారు. ఏదో ఒక మాట సాగదీస్తున్నానట. జానీ బీ మాత్రం గోడ దగ్గరికి రావడం మానేసింది. ఆమె కోళ్ళు కూడా మా పెరట్లోకి రావు.

ఆ రాత్రి తడిచీర మార్చుకుంటూ మెడ తడుముకున్నాను. పుస్తెలున్నాయి. వాటి పక్కన బిళ్ళ ఉంది. అంచులు నున్నగా అరిగిన నా పాత బిళ్ళ. దాని పక్కన వేలికి ఇంకోటి తగిలింది. కొత్తది. అంచులు ఇంకా గరుకుగా ఉన్నాయి.

అరిగింది మాణిక్యమ్మది. రెండోది ఎవరి పేరున వేశారో మా ఆయన్ని ఇప్పటిదాకా అడగలేదు.